సొంత మాటల్లో చెప్పమంటే ఎవరి మాటల్లో?

తెలుగు వాచకంలో పాఠం అయిపోగానే పదజాలం అభ్యాసాలు వస్తాయి. కొత్త మాటలకు అర్థాలు రాయమంటారు, వాటితో సొంతవాక్యాలు రాయమంటారు. పరీక్ష పేపరు ఇంకో అడుగు ముందుకేసి "మీ సొంత మాటల్లో రాయండి" అంటుంది. ఏజెన్సీ బడుల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న కోయ టీచర్లం మేము. ఆ చివరి వాక్యం మీదే మా తగువు.

కోయ పిల్లకి సొంత మాట ఏది? తల్లి అన్నానికి పిలిచే మాట, తోటి పిల్లలతో పోట్లాడే మాట, నిద్దట్లో కలవరించే మాట. అది కోయ. ఆ మాటల్లో రాస్తే పేపరు దిద్దేవాళ్లు సున్నా చుడతారు. నోటితో చెబితే "తెలుగులో చెప్పు" అని గదమాయిస్తారు. అంటే సొంత మాటలు అడుగుతున్నట్టు కనబడుతుంది గానీ వాళ్లకి కావలసింది వాళ్ల మాటలే, కాస్త అటూ ఇటూ మార్చి అప్పజెప్పమంటున్నారు. తెలుగు ఇంట పుట్టిన పిల్లకి ఈ తేడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మన పిల్లకి మాత్రం బడిలో అడుగుపెట్టిన మొదటి రోజే తెలిసిపోతుంది. నోరు మూసుకోవడం కూడా ఆ రోజే నేర్చుకుంటుంది.

ఆ తర్వాత సిబ్బంది గదిలో ఒక మాట వినబడుతుంది. "ఈ పిల్లలు నోరు విప్పరండీ, పదజాలం చాలా తక్కువ." నోరు విప్పని పిల్లని చూసి మాటలు లేవనుకోవడం, మూత పెట్టిన కుండని చూసి నీళ్లు లేవనడం లాంటిది.

మాటకి అర్థం చెప్పడం వేరు, మాట అర్థం కావడం వేరు. తరువు అంటే ఏమిటని అడగండి. వృక్షం అని తరగతంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. వృక్షం అంటే? తరువు! ఆ గది కిటికీలోంచి మద్దిచెట్టు కనబడుతూనే ఉంటుంది. దాన్ని చూపించి ఇది తరువేనా అంటే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తెలియని మాట పక్కన ఇంకో తెలియని మాట పెట్టి, రెండింటి మధ్యా ఒక గీత గీసి, దానికి అర్థం అని పేరు పెట్టారు. పిల్ల ఆ గీతని బట్టీ పడుతోంది. మార్కులూ వస్తున్నాయి. ఈ మార్కులు చూసే ఆరో తరగతికి పంపిస్తున్నాం. అక్కడ సైన్సు పుస్తకం తెరిచేసరికి ప్రతి పేజీ ఒక గోడైపోయి, ఏడులోనో ఎనిమిదిలోనో పిల్ల మళ్లీ మేకల వెనక కనబడితే "వీళ్లకి చదువు మీద ఆసక్తి లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.

డీఎడ్ చదివినవాళ్లందరికీ ఒక సూత్రం గుర్తుండాలి: తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకెళ్లాలి. మేమూ చదివాం, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. కోయ పిల్లకి తెలిసింది కోయ. అక్కడి నుంచే కదా బయలుదేరాలి? శిక్షణ కళాశాలలో మార్కులు తెచ్చే సూత్రం ఆశ్రమ పాఠశాల గేటు దగ్గరికి రాగానే ఎందుకు ఆగిపోతుందో పైవాళ్లు చెప్పాలి.

ఒక మాట పిల్లకి నిజంగా వచ్చిందా లేదా తేల్చుకోవడానికి మేము వాడే పరీక్ష చాలా చిన్నది. ఇంకా బడికి రాని తమ్ముడికి ఆ మాట ఏమిటో చెప్పగలదా? చెప్పగలిగితే వచ్చినట్టు. తమ్ముడు "బాత? బాత?" అని నాలుగుసార్లు అడుగుతాడు, వదిలిపెట్టడు. వాడికి వృక్షమూ తరువూ పనిచేయవు. వాడికి అర్థమయ్యేలా చెప్పాలంటే అక్క ఆ మాటని విప్పి, తనకి తెలిసిన ఇల్లూ అడవీ చేనూ తిప్పి తీసుకురావాలి. ఆ తిప్పుకు రావడమే నేర్చుకోవడం. అది జరిగేది కోయలోనే. అంటే పిల్లకి మాట వచ్చిందని చూపించే అన్నిటికన్నా గట్టి రుజువును మన పరీక్ష లెక్కలోకే తీసుకోదు!

మాలో ఒకరి తరగతిలో జరిగింది చెబుతాం. మూడో తరగతి. కొత్త మాట 'పొదుపు'. డబ్బు వృథా చేయకుండా దాచుకోవడం అని అర్థం చెప్పి ఊరుకోకుండా, ఎవరైనా వివరించండి అని అడిగారు. ఒక పిల్ల చెయ్యెత్తి "కోయలో చెప్పనా సారూ?" అంది. చెప్పమన్నారు. వాళ్ల అవ్వ సామలు, జొన్నలు, చిక్కుడు గింజలు ఎండిన ఆనపకాయ బుర్రల్లో పోసి, పొయ్యి మీద పొగ తగిలేలా వాసానికి వేలాడదీస్తుందట. వానాకాలంలో ఇంట్లో గింజలైపోతాయి. గడ్డలు తవ్వుకొచ్చి ఉడకబెట్టుకుంటారు. అప్పుడు కూడా ఆ బుర్రలు దించరు. ఒకరోజు తమ్ముడు ఆకలని బాగా ఏడ్చాడు. అవ్వ బుర్ర వైపు చూసింది గానీ దించలేదు. "అదీ పొదుపు" అంది. వెనక బెంచీలో పిల్లాడు ఊరుకోలేదు. అది పిసినారితనం కదా అన్నాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "కాదు, విత్తడానికి ఎవరడిగినా అవ్వ ఇస్తుంది. తినడానికి అడిగితే మాకే ఇవ్వదు" అంది.

పొదుపుకీ పిసినారితనానికీ మధ్య గీత ఇంత శుభ్రంగా గీసిన నిఘంటువు మేము చూడలేదు. విజ్జ పండుం చేసుకోకుండా విత్తనం నేల మీద వేయని గూడెంలో పుట్టిన పిల్ల కాబట్టి గీయగలిగింది. ఆ వెంటనే ఆ పిల్లే పలక మీద తెలుగులో రాసింది: "మా అవ్వ విత్తనాలు పొదుపు చేసింది." కర్త, కర్మ, క్రియ అన్నీ కుదిరాయి. తెలుగుకి జరిగిన నష్టం ఏమిటో చూపించండి.

ఆ రోజు తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. ఆయనకి కోయ రాదు. పిల్ల ఏం చెప్పిందో మా టీచరు తెలుగులో చెప్పాక ఆయన అన్నది: "పుస్తకంలో డబ్బు అని స్పష్టంగా ఉంటే విత్తనాల గోల ఎందుకండీ? పరీక్షలో ఏం రాస్తారు?" రిజిస్టరులో 'తరగతి గదిలో మాతృభాష వాడకం తగ్గించవలెను' అని రాసి వెళ్లారు. విద్యాహక్కు చట్టం వచ్చిన తర్వాతి సంగతే ఇది.

చట్టాల సంగతి ఎత్తాం కాబట్టి రెండు ముక్కల్లో ముగిద్దాం. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ఆచరణ సాధ్యమైనంత మేరకు పిల్లల మాతృభాషే బోధనా మాధ్యమం కావాలంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషే అంది. 'సాధ్యమైనంత', 'వీలైన చోట'. ఈ రెండు మాటలకీ పదజాలం అభ్యాసంలో సొంతవాక్యాలు రాయమంటే మన పిల్లలు బాగా రాస్తారు.

ఇప్పుడు మనవైపు ఎక్కువగా వినబడే వాదన చూద్దాం. తెలుగూ కోయా దగ్గరి భాషలే కదా, వింటూ వింటూ అదే వచ్చేస్తుందిలే అంటారు. రెండూ ద్రావిడ భాషలే, నిజం. కానీ ఈ దగ్గరితనం పిల్లని ఎక్కడ పడేస్తుందో చూడండి. మాకు ఏరు అంటే నీళ్లు. తెలుగు పుస్తకంలో ఏరు అంటే వాగు. మాకు నారు అంటే ఊరు. తెలుగులో నారు పోసి నాట్లు వేస్తారు. లోను అంటే మాకు ఇల్లు, వాళ్లకి లోన అంటే లోపల. ఇక నెయి అంటే కోయలో కుక్క. "అన్నంలో నెయ్యి కలుపుకుని తిన్నాడు" అనే వాక్యం చదివి రెండో తరగతి మొత్తం పకపకా నవ్వింది. కోయ రాని టీచరుకి ఆ నవ్వు ఎందుకో తెలియలేదు. బెత్తం తీశారు. దెబ్బలు తిన్న పిల్లలకి ఆ రోజు కలిగిన జ్ఞానం ఏమిటంటే, మాటకి అర్థం తెలిస్తే దెబ్బలు పడతాయని.

ఏరు అంటే ఏమిటని అడిగితే మా పిల్ల "తాగేది" అంటుంది. తప్పు అని ఎర్ర గీత పడుతుంది. తప్పేనా? గోండు పిల్ల కూడా ఇంచుమించు అదే మాట అంటుంది. ఒకే కుటుంబంలోంచి వచ్చిన మాట ఒక ఇంట్లో వాగుగా, మరో ఇంట్లో నీళ్లుగా మిగిలింది. ఈ సంగతి తెలిసిన టీచరు ఎర్ర గీత గీయరు. "నీ ఏరు కుండలో ఉంది, పుస్తకంలో ఏరు కొండ మీంచి పారుతోంది, రెండూ చుట్టాలే" అంటారు. రెండు నిమిషాల పని. ఆ పిల్ల ఆ మాటని జన్మలో మరిచిపోదు. పైగా తన భాషకీ తెలుగుకీ చుట్టరికం ఉందని, తన భాష ఎంగిలి భాష కాదని గ్రహిస్తుంది. ఎర్ర గీత గీస్తే ఆ పిల్ల గ్రహించేది ఒక్కటే: అమ్మ మాట తప్పు.

సవర పిల్లల కష్టం వేరు. వాళ్ల భాష ద్రావిడ కుటుంబంలోనిది కాదు, ముండా భాష. వాళ్లకి ఈ చుట్టరికపు ఊతకర్ర కూడా లేదు. ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లలది మరో దారి. ఒకే వాచకం, ఒకే అర్థాల పట్టిక, ఒకే జవాబుపత్రం ఇందరికి ఎలా సరిపోతాయో అడిగేవాళ్లు లేరు.

ఇంకో వాదన ఉంది, అది విద్యావంతుల నోటి నుంచి వస్తుంది, అందుకే ఎక్కువ మండుతుంది. "కోయలో అన్ని మాటలు ఎక్కడున్నాయండీ? కంప్యూటర్‌ని ఏమంటారు, విమానాన్ని ఏమంటారు?" అయ్యా, బస్సునీ రైలునీ సెల్లునీ మీ ఇంట్లో ఏమంటున్నారు? తెలుగు ఎన్ని మాటలు అరువు తెచ్చుకున్నా దానికి మాటలు లేవని ఎవరూ అనలేదు, బడికి పనికిరాదని తీర్మానించలేదు. ఆ హక్కు కోయకి మాత్రం ఎందుకు లేదు? మా నాలుగో తరగతి పిల్లలు వాన పడ్డాక మొలిచే ఆకుల్ని పేరుపేరునా చెబుతారు, ఏది వండుకోవచ్చో ఏది పుండు మీద కట్టవచ్చో చెబుతారు. పుస్తకంలో వాటన్నిటికీ కలిపి ఉన్న మాట 'ఆకుకూరలు'. ఎవరికి పదజాలం తక్కువో తూచి చూద్దామా?

చిన్న భాష అని కూడా అంటారు. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల మందికి పైగా కోయని మాతృభాషగా చెప్పుకున్నారు. గోండీ మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. రెండింటిలో ఒక్కటి కూడా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. అదే లెక్కల్లో సంస్కృతం మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 24,821 మంది. సంస్కృతం ఆ షెడ్యూలులో ఉంది. ఉండనివ్వండి, మాకు సంస్కృతంతో పగ లేదు. కానీ మన పిల్లల వాచకం వెనక 'కఠిన పదాలు' అంటూ ఇచ్చే మాటల్లో అధికభాగం ఎక్కడివి? జలధి, తరువు, గగనం, నేత్రం. పాతికవేల మంది ఇంటి భాషలోని మాటలు రాకపోతే నాలుగు లక్షల మంది భాష వచ్చిన పిల్ల తెలివితక్కువదైపోయింది.

ఆగస్టు 29న ఏం చేస్తున్నామో కూడా ఒకసారి చూసుకోవాలి. గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు కాబట్టి ఆ రోజుని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆశ్రమ పాఠశాలల్లో పద్యాల పోటీలు పెడతారు, "తేట తెలుగులోనే మాట్లాడాలి" అని ప్రతిజ్ఞ చేయిస్తారు, గిడుగు పటానికి దండ వేస్తారు. ఆ పటంలో ఉన్న మనిషి పర్లాకిమిడిలో ఉంటూ సవరలు ఎందుకు చదువుకి దూరమయ్యారో చూసి, ముందు తాను సవర నేర్చుకున్నాడు. సవరలో వాచకాలు రాశాడు. సవరలకి వాళ్ల భాషలో చదువు చెప్పే బడులు పెట్టాడు. 1931లో సవర భాష మీద పెద్ద గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి ఆయన చేతి మీదుగా. వ్యవహారిక భాష కోసం ఆయన తెలుగు పండితులతో చేసిన యుద్ధమూ, సవరల కోసం చేసిన పనీ రెండు వేరు పనులు కావు. జనం నోట ఉన్న భాషలోనే చదువు ఉండాలన్న ఒక్క పట్టుదలే రెండూ. ఆయన పటం కింద నిలబెట్టి మన పిల్లలతో "మా భాష మాట్లాడం" అని ప్రమాణం చేయించడం ఆయనకి దండ వేయడమా, ఆయన నోరు నొక్కడమా?

ఇది ఎప్పుడూ జరగని పనేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగాక, గోండుల గోడేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. హైమన్‌డార్ఫ్ అధ్యయనం చేశాక 1943లో మార్లవాయిలో గోండుల విద్యాపథకం మొదలైంది. గోండు యువకులకే టీచర్లుగా శిక్షణ ఇచ్చారు, గోండీలో వాచకాలు తయారుచేశారు. ప్రాణాలు పోస్తే తప్ప వాచకం రాలేదన్నది కూడా ఇందులో గమనించాల్సిందే. మళ్లీ 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. కోయలో, గోండీలో, సవరలో, కువిలో, కొలామీలో తెలుగు లిపితో పుస్తకాలొచ్చాయి. ఆ పుస్తకం మొదటిసారి చేతిలో పెట్టినప్పుడు ఒకటో తరగతి పిల్లల మొహాలు చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. ఆ పని పెరగాల్సింది పోయి కుంటుపడింది. రాష్ట్రాలు రెండయ్యాయి, మాధ్యమాలు మారాయి, మాతృభాష పుస్తకాలు చాలా చోట్ల అలమారాల్లో చెదల పాలయ్యాయి.

ఇప్పుడు ఇంగ్లీషు వచ్చింది. దీని గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. మన తల్లిదండ్రులు "కోయ ఇంట్లో ఉంది కదా సారూ, బడిలో ఇంగ్లీషు చెప్పండి" అంటున్నారు. వాళ్లని తప్పు పట్టేది లేదు. అధికారి దగ్గర, ఆసుపత్రిలో, కోర్టులో తమ మాట చెల్లక చెప్పులరిగేలా తిరిగినవాళ్లు వాళ్లు. ఇంగ్లీషు మనకి కావాల్సిందే. మా పేచీ అక్కడికి వెళ్లే దారి గురించి. సీడ్ అంటే విత్తనం అని రాయిస్తున్నారు. విత్తనం అంటే? అక్కడే ఆగిపోతున్నారు. మూడో అడుగు పడితే విజ్జ. ఆ మాట పలకగానే పిల్ల కళ్ల ముందు ఆనపకాయ బుర్ర, అవ్వ, పండుగ డోలు అన్నీ వచ్చి నిలబడతాయి. అప్పుడు సీడ్ అనే మాటకి వేరు పడుతుంది. రెండు అడుగుల దగ్గరే ఆపేస్తే ఇంగ్లీషు మాట తెలుగు మాట భుజం మీద, తెలుగు మాట గాలి మీద నిలబడాలి. ఇంగ్లీషు కావాలనే తల్లిదండ్రులకి మేము చెప్పేది ఇదే: ఇంగ్లీషు బాగా రావాలంటే ముందు కోయని నోట్లోంచి తీసేయకండి.

మూడో అడుగు వేయించాలంటే టీచరుకి ఆ భాష వచ్చి ఉండాలి. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటి నుంచీ ఈ విషయం మీద ధర్నాలు జరిగాయి, వినతిపత్రాలు ఇచ్చాం. అయితే మన వాళ్లు కూడా దీన్ని ఉద్యోగాల లెక్కగానే ఎక్కువగా మాట్లాడుతున్నారు. ఉద్యోగాలు ముఖ్యమే, డీఎడ్ పట్టాలు పట్టుకుని కూలికి పోతున్న పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. కానీ ఇంతకంటే గట్టి వాదన ఇంకొకటి ఉంది. పొదుపు గురించి ఆ పిల్ల కోయలో చెప్పింది కదా, వినేవాళ్లకి కోయ రాకపోతే ఆ జవాబు ఎక్కడికి పోయేది? పిల్ల ఏం చెప్పిందో అర్థం కాని టీచరు ఆ పిల్లకి ఏం వచ్చో ఏం రాదో ఎలా తేలుస్తారు? ఇది పిల్ల హక్కు. రోడ్డు మీద ఈ మాట ముందు వినబడాలి.

ఇక్కడ ఇద్దరి గురించి చెప్పకపోతే న్యాయం కాదు. మైదానం నుంచి వచ్చి, అద్దె గదిలో ఉంటూ, ఏడాది తిరిగేలోపు కోయ నేర్చుకుని పిల్లలతో కోయలో నవ్వులాడే టీచర్లు మాకు తెలుసు. వాళ్లకి చేతులెత్తి దండం పెడతాం. కోయ ఇంట పుట్టి, ఎస్టీ కోటాలో ఉద్యోగం తెచ్చుకుని, తరగతిలో కోయ మాట వినబడితే చీదరించుకునే టీచర్లూ తెలుసు. ఎక్కడ అడవివాడని తెలిసిపోతుందోనని వాళ్ల భయం. వాళ్లకి పెట్టే దండం వేరే.

ఇదంతా మార్కుల గొడవ అనుకునేవాళ్ల కోసం ఒక మాట తీసుకుందాం. సమ్మతి. ఏడో తరగతిలో వచ్చింది. అర్థం: అంగీకారం. అంగీకారం అంటే? ఒప్పుకోలు. ఒప్పుకోలు అంటే? 'ఊఁ' అనడం అన్నారు పిల్లలు. సరే అని వదిలేయవచ్చు. కానీ మన ప్రాంతంలో ఈ మాట పుస్తకంలో కంటే ముందు కాగితాల్లో వస్తుంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలని 2013 భూసేకరణ చట్టం అంటోంది. పోలవరం ముంపు మండలాల్లో నిర్వాసితుడు, పరిహారం, పునరావాసం అనే మాటలు ముందు ఊళ్లోకి వచ్చాయి, పాఠాల్లోకి తర్వాత. చాలా ఇళ్లలో ఆ కాగితం చదవగలిగేది బడికెళ్లే పిల్ల ఒక్కతే. తండ్రి వేలిముద్ర వేసే ముందు కూతురి మొహం చూస్తాడు. "ఇందులో ఏం రాశారు?" అని కోయలో అడుగుతాడు. సమ్మతి అంటే అంగీకారం అని ఆ పిల్ల అప్పజెబితే ఆయనకి ఏం తెలుస్తుంది?

ఆ తరగతిలో ఒక అమ్మాయిని మళ్లీ కోయలో చెప్పమన్నాం. చాలాసేపు ఆగింది. "ఊఁ అనడం ఒక్కటే కాదు. ఊహూఁ అనడానికి వీలుండి కూడా ఊఁ అనడం" అంది. కాగితం తెచ్చిన బాబుకి ఎదురుచెప్పే వీలు లేనప్పుడు తండ్రి తలూపితే అది సమ్మతి కాదని ఇంకొకడు అందుకున్నాడు. పదమూడేళ్ల పిల్లలు. ఇంత స్పష్టత జవాబుపత్రాల్లో దొరకదు. మన పిల్లలు మాటల్ని ఇలా విప్పడం నేర్చుకుంటే ఎవరికి ఇబ్బందో పాఠకులే ఊహించుకోవచ్చు.

కాబట్టి మేము అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. పదజాలం అభ్యాసంలో, మౌఖిక పరీక్షలో, పిల్ల తన భాషలో ఇచ్చిన వివరణకి పూర్తి మార్కులు వేయాలి. ఆ తర్వాత అదే మాటని తెలుగులో వాడమనండి, ఇంగ్లీషులో వాడమనండి, వాడతారు. పేపరు దిద్దేది ఆ భాష వచ్చినవాళ్లై ఉండాలి. అర్థాల పట్టికలో మూడో గడి ఉండాలి: మాట, తెలుగులో అర్థం, పిల్ల ఇంటి భాషలో మాట. ప్రభుత్వం అచ్చు వేసేదాకా ఆగక్కర్లేదు, స్కేలు పెట్టి గీస్తే గడి వస్తుంది.

చదువుకున్న యువకులకి కూడా పని ఉంది. డిగ్రీ అయ్యి, పోటీ పరీక్షలకి చదువుతూ, ఊళ్లో సాయంత్రాలు ఫోన్లు చూస్తూ గడిపేవాళ్లు రోజూ అరగంట నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ఒక్క మాట తీసుకోండి. అర్థం మీరు చెప్పకండి, వాళ్లతో చెప్పించండి. వాళ్లు చెప్పింది వాళ్లు చెప్పినట్టే రాసి పెట్టండి. దిద్దకండి. కోయ మాట తెలియకపోతే ఇంటికెళ్లి అవ్వని అడిగి రమ్మనండి. అవ్వ తనకి అక్షరం రాదని వెనక్కి తగ్గుతుంది, వదలకండి. ఈ పట్టికలో సగం జవాబులు ఆమె దగ్గరే ఉన్నాయి.

ఏ కోయ రాయాలని అప్పుడే కొందరు అడుగుతున్నారు. గోదావరి ఒడ్డున గొమ్ము కోయలు ఒకలా అంటారు, గుట్టల మీద ఇంకోలా అంటారు. రెండూ రాయండి, పక్కన ఊరి పేరు రాయండి. లిపి తేలాక రాద్దామనేవాళ్లకి కూడా ఇదే జవాబు. ఇప్పుడున్న తెలుగు లిపితోనే మొదలుపెట్టండి. కొన్ని పలుకులు సరిగా ఇమడవు, ఇమడని చోట గుర్తు పెట్టుకోండి. లిపి కోసం ఆగితే అవ్వలు ఆగరు.

ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న తెలుగు వాచకాల్లోని అర్థాల పట్టికలతో మేము మొదలుపెట్టాం. కొన్ని మాటలకి మూడో గడి ఒక్క పూటలో నిండింది. కొన్నిటికి పిల్లలు చెప్పిన వివరణే రాశాం, ఒక్క మాట దొరకలేదు. 'సమ్మతి' పెద్ద తరగతి మాటే అయినా ఈ పట్టికలో చేర్చాం. దానికి రెండు ఊళ్లలో రెండు రకాలుగా చెప్పారు, పెద్దలు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. మీ ఊళ్లో ఏమంటారో అడిగి, ఎవరు చెప్పారో కూడా రాసి, ఈ పుస్తకం మీ చేతికిచ్చినవాళ్లకి అందజేయండి.